కళ్ళెం, కట్టడి, నిర్బంధం: ఆపడానికి ఇంగ్లీషులో ఏ మాట ఎక్కడ?

ఈసారి చెన్నై పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఆపడం, తగ్గించడం, అదుపులో పెట్టడం అన్న భావాలకు ఇంగ్లీషులో ఉన్న అనేక మాటలలో దేనిని ఎక్కడ వాడాలన్నది ఆ ప్రశ్న. ఆఫీసులోనూ, కళాశాలలోనూ, ఆసుపత్రిలోనూ, కోర్టులోనూ ఈ మాటలు తప్పించుకోలేనివి కనుక, ఈ సంచికలో ఆ ఉత్తరాలకే చోటు ఇచ్చాము.

ప్రశ్న: ఒక ప్రైవేటు కర్మాగారంలో లెక్కల విభాగంలో పనిచేస్తున్నాను. శాఖలన్నీ ఖర్చు తగ్గించుకోవాలని యాజమాన్యం తరఫున సర్క్యులర్ రాయవలసి వచ్చింది. 'లిమిట్' అన్న మాట పదే పదే వస్తున్నదని ఫోనులోని థెసారస్ (సమానార్థక పదాల పట్టిక) చూసి ఒకచోట 'రిస్ట్రెయిన్' అనీ, ఇంకొకచోట 'హాంపర్' అనీ, చివర 'సప్రెస్' అనీ మార్చాను. మా మేనేజరు గారు చివరి మాట చూడగానే కంగారుపడి కాగితం వెనక్కి తీసుకున్నారు. అన్నీ సమానార్థకాలే కదా, తప్పెక్కడ ఉంది?
— ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: మేనేజరు గారి కంగారు అకారణమైనది కాదు. పద్దుల భాషలో అమ్మకాన్నో ఖర్చునో 'సప్రెస్' చేయడమంటే దానిని తగ్గించడం కాదు, లెక్కలో కనబడకుండా తొక్కిపెట్టడం. 2017 నాటి కేంద్ర వస్తు సేవల పన్ను చట్టం 74వ సెక్షన్ మోసాన్నీ, బుద్ధిపూర్వకమైన తప్పుడు ప్రకటననూ, పన్ను ఎగవేయడానికి వాస్తవాలను దాచడాన్నీ ఒకే వరుసలో పేర్కొంటుంది. ఆ దాచడానికి చట్టం వాడిన మాట 'సప్రెషన్'. ఖర్చులను 'సప్రెస్' చేయండని యాజమాన్యమే సంతకం చేసి శాఖలకు పంపిన కాగితం రేపు ఆడిటర్ చేతిలో పడితే, అందులో పొదుపు సలహా ఉందని ఆయన అనుకోకపోవచ్చు.

థెసారస్ గురించి కూడా ఒక మాట చెప్పవలసి ఉంది. పీటర్ మార్క్ రోజే అనే ఇంగ్లీషు వైద్యుడు 1852లో తన థెసారస్‌ను ప్రచురించినప్పుడు మాటలను అక్షరక్రమంలో కాక భావాల క్రమంలో, ఆరు పెద్ద తరగతులుగా, 1000 శీర్షికల కింద అమర్చాడు. మనసులో భావం మెదులుతూ మాట మాత్రం నోటికి రానప్పుడు వెతుక్కోవడానికి ఆ అమరిక పనికివస్తుంది. అంతేగాని, ఒక శీర్షిక కింద ఉన్న మాటలలో దేనినైనా తీసి మరొకదాని స్థానంలో పెట్టవచ్చునన్న హామీ అందులో లేదు. ఒకే ఇంటిపేరు గలవారందరూ ఒకే మనిషి కారు. ఫోనులో ఒక మాట నొక్కితే పది మాటలు వరుసగా పడే ఈనాటి పద్ధతి ఆ తేడాలను మరింతగా మరుగుపరచింది.

ఇక మీ సర్క్యులర్ సంగతి. 'లిమిట్' అన్నది సరిహద్దు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. ఒక గీత గీసి, ఆ గీత దాకా మీ ఇష్టం, ఆపైన వద్దు అనడం దాని స్వభావం. ప్రయాణ భత్యాన్ని నెలకు 5000 రూపాయలకు 'లిమిట్' చేస్తే, ఆ లోపల ఎలా ఖర్చు పెట్టారో ఎవరూ అడగరు. 'రిస్ట్రిక్ట్' కూడా పరిమితం చేయడమే అయినా, మొత్తం కంటె ఎక్కువగా పరిధిని కుదిస్తుంది. ఎవరికి, ఎక్కడ, ఏ పనికి అన్న ప్రశ్నలు ఆ మాటతోపాటే వస్తాయి కనుక, విమాన ప్రయాణాన్ని ఫలానా హోదా గలవారికి మాత్రమే 'రిస్ట్రిక్ట్' చేస్తారు. మీరు 'లిమిట్' అని రాసిన అయిదారు చోట్లలో కనీసం రెండుచోట్ల ఈ మాట అతికే ఉంటుందని నా ఊహ.

'రిస్ట్రెయిన్' అనాలంటే ఎదుట కదిలే శక్తి ఏదో ఉండాలి. కోపాన్ని, ఎగబడుతున్న గుంపును, మీదికి దూకబోయే కుక్కను 'రిస్ట్రెయిన్' చేస్తారు. ఖర్చు విషయంలో క్రియగా కంటె నామవాచకంగా, అంటే 'రిస్ట్రెయింట్' పాటించండి అన్న రూపంలో, ఇది చక్కగా ఒదుగుతుంది. మన 'నిగ్రహం' దీనికి చాలా దగ్గర. 'కర్బ్' అన్న మాట మీరు వాడలేదు గాని, మీకు బాగా పనికివచ్చేది అదే. గుర్రం కింది దవడ కిందుగా పోయే గొలుసుతో బిగించే కళ్ళేనికి ఆ పేరు ఉంది. పెరుగుతున్నదీ, పెరగకూడనిదీ అయినదానిని అదుపు చేయడానికి ఈ మాట వాడతారు. మన పత్రికలు ధరలకు కళ్ళెం వేయాలని రాసేచోట ఇంగ్లీషు పత్రికలు 'కర్బ్' అంటాయి. వృథా ఖర్చును 'కర్బ్' చేయవచ్చు. జీతాలను 'కర్బ్' చేస్తామని రాస్తే మాత్రం జీతాలు ఇవ్వడమే ఒక దురలవాటు అన్నట్టు వినిపిస్తుంది.

'హాంపర్' ఈ సందర్భానికి ఏ విధంగానూ పనికిరాదు. సాగవలసిన పని సరిగా సాగకుండా కాళ్ళకు అడ్డం పడటం దాని అర్థం. వాన వల్ల సహాయకార్యక్రమాలు కుంటుపడ్డాయన్న వాక్యంలో అది సహజంగా ఉంటుంది. ఖర్చులను 'హాంపర్' చేయండని రాస్తే, ఖర్చు పెట్టడం గొప్ప లక్ష్యమైనట్టూ, దానికి మీరు ఆటంకం కలిగించమన్నట్టూ అవుతుంది. ఆఫీసు కాగితాలలో ఒకే మాట అయిదుసార్లు రావడం దోషం కాదన్నది నా అభిప్రాయం. కథలో విసుగు పుట్టించే పునరుక్తే నిబంధనలో స్పష్టతను ఇస్తుంది. ఒక పేరాలో 'లిమిట్' అనీ, తరువాతి పేరాలో 'రిస్ట్రిక్ట్' అనీ రాస్తే, రెండింటికీ వేరువేరు అర్థాలు ఉద్దేశించారని వాదించేవారు తప్పక బయలుదేరతారు.

ప్రశ్న: న్యాయశాస్త్రం మొదటి సంవత్సరం చదువుతున్నాను. రాజ్యాంగం 19వ అధికరణలో 'రీజనబుల్ రిస్ట్రిక్షన్స్' అన్నారు. శిక్షాస్మృతిలో 'రాంగ్‌ఫుల్ రిస్ట్రెయింట్', 'రాంగ్‌ఫుల్ కన్‌ఫైన్‌మెంట్' అని విడివిడిగా ఉన్నాయి. కాంట్రాక్టు చట్టంలో మళ్ళీ 'రిస్ట్రెయింట్ ఆఫ్ ట్రేడ్' వచ్చింది. ఇవన్నీ వేరువేరు మాటలుగా ఎందుకు ఉన్నాయి?
— ఒక విద్యార్థిని, చెట్‌పట్

జవాబు: మీరు చదువుతున్న ఊరికే ఈ ప్రశ్నతో దగ్గరి సంబంధం ఉంది. రాజ్యాంగం అమలులోకి వచ్చిన తొలి నెలలలోనే, బొంబాయి నుంచి వెలువడే 'క్రాస్ రోడ్స్' అనే ఇంగ్లీషు వారపత్రిక తమ రాష్ట్రంలోకి రాకూడదని మద్రాసు ప్రభుత్వం, 1949 నాటి ప్రజాభద్రత చట్టం కింద ఉత్తరువు జారీ చేసింది. పత్రిక సంపాదకుడు రమేశ్ థాపర్ సుప్రీంకోర్టుకు వెళ్ళాడు; 1950 మే 26న ఆ ఉత్తరువు చెల్లదని తీర్పు వచ్చింది. వాక్స్వాతంత్ర్యానికి సంబంధించిన రెండవ క్లాజులో అప్పటికి 'రీజనబుల్ రిస్ట్రిక్షన్స్' అన్న మాటలు లేవు. అదే అధికరణలో సభలు, సంఘాలు, సంచారం, వృత్తి మొదలైన హక్కులకు సంబంధించిన క్లాజులలో మాత్రం మొదటినుంచీ ఉన్నాయి. 1951లో జరిగిన మొదటి రాజ్యాంగ సవరణ రెండవ క్లాజులోకి 'పబ్లిక్ ఆర్డర్' వంటి కొత్త కారణాలను తెచ్చింది. వాటితోపాటు 'రీజనబుల్' అన్న విశేషణాన్నీ తెచ్చింది. కారణాలను పెంచడం ప్రభుత్వానికి బలమైతే, ఆ విశేషణం పౌరుడికి బలమయింది. ఎందుకంటే ఆంక్ష సమంజసమా కాదా అని తూచే పని దానివల్ల కోర్టుకు దక్కింది.

ఎలా తూచాలో చెప్పిన తీర్పు కూడా మద్రాసు వ్యాజ్యంలో వచ్చినదే. స్టేట్ ఆఫ్ మద్రాస్ వర్సెస్ వి.జి. రో అన్న ఆ కేసులో 1952 మార్చిలో ప్రధాన న్యాయమూర్తి పతంజలి శాస్త్రి, దెబ్బతిన్న హక్కు ఎటువంటిది, ఆంక్ష పెట్టిన ఉద్దేశం ఏమిటి, నివారించదలచిన కీడు ఎంత తీవ్రమైనది, ఎంత తక్షణమైనది, ఆంక్ష ఆ కీడుకు మించి ఉన్నదా, అప్పటి పరిస్థితులు ఏమిటి అన్నవన్నీ చూడాలని చెప్పారు. నేటికీ న్యాయవాదులు ఆ వాక్యాలను ఉదహరిస్తూనే ఉన్నారు.

హక్కు ఇంకా బతికి ఉండగా దాని పరిధిని కుదించడమే 'రిస్ట్రిక్షన్' అని మాట అర్థాన్ని బట్టి అనుకుంటాము. హక్కును మొత్తంగా తీసివేయడానికి 'ప్రొహిబిషన్' అన్న మరో మాట ఉంది. అయితే చట్టం ఎల్లప్పుడూ నిఘంటువు వెంట నడవదు. కొన్ని పరిస్థితులలో పూర్తి నిషేధం కూడా 'రిస్ట్రిక్షన్' కిందికే వస్తుందని 1959 డిసెంబరులో నరేంద్ర కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పదమూడవ అధికరణలో ఉన్న 'అబ్రిడ్జ్' అన్న మాటను కూడా ఈ సందర్భంలో గుర్తుపెట్టుకోండి. హక్కును తీసివేయడమే కాదు, కురచ చేయడం కూడా కూడదని చెప్పడానికి దానిని వాడారు.

శిక్షాస్మృతిలోని రెండు నేరాలను మొదటి సంవత్సరం విద్యార్థులు తరచుగా తారుమారు చేస్తారు. మీరు వెళ్ళే హక్కు ఉన్న దిక్కుకు వెళ్ళనీయకుండా ఎవరైనా అడ్డగిస్తే అది 'రిస్ట్రెయింట్'. తక్కిన దిక్కులు తెరిచి ఉన్నా నేరం నేరమే. నాలుగు వైపులా హద్దు ఏర్పరచి, ఆ హద్దు దాటి ఏ దిక్కుకూ పోనీయకపోతే అది 'కన్‌ఫైన్‌మెంట్'. గోడల మధ్యకు మనిషిని పంపి తాళం వేయడం దీనికి చట్టం ఇచ్చిన ఉదాహరణలలో ఒకటి. ప్రతి 'కన్‌ఫైన్‌మెంట్'లోనూ 'రిస్ట్రెయింట్' ఉంటుంది, తిరగవేస్తే నిజం కాదు. 1860 నాటి శిక్షాస్మృతిలో ఇవి 339, 340 సెక్షన్లు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయసంహితలో 126, 127 సెక్షన్లు. మొదటిదానికి నెల రోజుల దాకా సాధారణ జైలుశిక్ష, రెండవదానికి ఏడాది దాకా జైలుశిక్ష ఉండటం చూస్తే, చట్టం దృష్టిలో ఈ రెండు మాటల మధ్య దూరం ఎంతో తెలుస్తుంది.

కాంట్రాక్టు చట్టం సంగతి వేరు. 1872 నాటి ఆ చట్టం 27వ సెక్షన్, ఒక మనిషి న్యాయసమ్మతమైన వృత్తినో వ్యాపారాన్నో చేసుకోకుండా ఆపే ఒప్పందం ఆ మేరకు చెల్లదంటుంది. వ్యాపారపు గుడ్‌విల్, అంటే దానికి ఉన్న మంచిపేరు విలువ, అమ్మినప్పుడు మాత్రం సమంజసమైన హద్దులలో మినహాయింపు ఉంది. ఉద్యోగం మానివేసిన తరువాత పోటీ సంస్థలో చేరరాదని నియామక పత్రాలలో రాయించుకునే షరతులు మన కోర్టులలో సాధారణంగా నిలవకపోవడానికి ఈ సెక్షనే మూలం. ఇక్కడ ఆగినది మనిషి శరీరం కాదు, అతని జీవనోపాధి. అయినా కదలబోతున్న మనిషిని వెనక్కి పట్టి ఆపడమన్న భావం ఉన్నది కనుకనే 'రిస్ట్రెయింట్' అన్న మాట నిలిచింది.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ సంస్థలో టీమ్ లీడ్‌గా ఉన్నాను. గడువు పొడిగించక తప్పడం లేదని క్లయింటుకు రాస్తూ 'వీ ఆర్ రిస్ట్రెయిన్డ్ టు ఎక్స్‌టెండ్' అన్నాను. పైవారు దానిని 'కన్‌స్ట్రెయిన్డ్' అని దిద్దారు. తేడా ఒక్క ఉపసర్గే కదా?
— ఒక పాఠకుడు, షోలింగనల్లూరు

జవాబు: ఆ ఒక్క ఉపసర్గ వాక్యాన్ని తలకిందులు చేస్తుంది. బిగించి కట్టడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి 'స్ట్రిక్ట్', 'స్ట్రింజెంట్', 'రిస్ట్రిక్ట్', 'రిస్ట్రెయిన్', 'కన్‌స్ట్రెయిన్' అన్నీ పుట్టాయి. వీటిలో 'రిస్ట్రిక్ట్', 'రిస్ట్రెయిన్' ఒకే లాటిన్ క్రియకు రెండు రూపాలు. మొదటిది లాటిన్ నుంచి సూటిగా వస్తే, రెండవది ఫ్రెంచి మీదుగా తిరిగి వచ్చింది. వెనక్కి కట్టడం 'రిస్ట్రెయిన్' కనుక, దానితో పని ఆగడమే గాని జరగడం ఉండదు. అన్ని వైపులనుంచీ కలిపి బిగించడం 'కన్‌స్ట్రెయిన్' కనుక, అది మనిషిని ఆపవచ్చు, లేదా మిగిలిన ఒకే ఒక దారిలోకి నెట్టనూవచ్చు. గత్యంతరం లేక ఒక పని చేస్తున్నామని చెప్పడానికి 'కన్‌స్ట్రెయిన్డ్ టు' అంటారు. చేయకుండా ఆపబడ్డామని చెప్పడానికి 'రిస్ట్రెయిన్డ్ ఫ్రమ్' అంటారు. వెంట వచ్చే చిన్న మాటను చూసినా తప్పు దొరికిపోతుంది.

పైవారు దిద్దిన రూపం వ్యాకరణరీత్యా సరైనదే గాని, నాకు మాత్రం ఆ లేఖకు అది తగినట్టు తోచలేదు. మన ప్రభుత్వ కార్యాలయాల ఇంగ్లీషులో 'ఐ యామ్ కన్‌స్ట్రెయిన్డ్ టు ఇన్‌ఫార్మ్ యూ' అన్న వాక్యం తరువాత సాధారణంగా సంజాయిషీ నోటీసో, జరిమానా బెదిరింపో ఉంటుంది. క్లయింటుతో స్నేహంగా ఉండదలచుకుంటే, గడువు ఎందుకు పొడిగించవలసి వచ్చిందో తేలిక మాటలలో చెప్పడమే మేలు. డేటాబేసులో మీరు రోజూ రాసే 'కన్‌స్ట్రెయింట్' మాత్రం చక్కటి వాడుక. ఒక గడిలో విలువ ఖాళీగా ఉండరాదనో, రెండుసార్లు రారాదనో పెట్టే ఆ నియమం, విలువలను అన్ని వైపులా బిగించి సరైన రూపంలోకి తెస్తుంది. ఫోనులో రోజువారీ డేటా అయిపోగానే ఇంటర్నెట్ వేగం తగ్గించడాన్ని 'థ్రాటిల్' అంటారు. ఆ మాటకు గొంతు అనే అర్థమున్న ఇంగ్లీషు మాటతో చుట్టరికం ఉంది. పూర్తిగా ఆపితే అది 'థ్రాటిల్' కాదు, 'బ్లాక్' అవుతుంది.

ప్రశ్న: మా పెద్దబ్బాయి ఫలితాలలో 'విత్‌హెల్డ్' అని వచ్చింది. పక్కింటివారి అబ్బాయికి 'డీటెయిన్డ్' అని వచ్చింది. రెండింటికీ నిలిపివేయడమనే చెబుతున్నారు. ఏది ఎక్కువ భయపడవలసినది?
— ఒక తల్లి, విల్లివాక్కం

జవాబు: అమ్మా, మీవాడి విషయంలో ఆగినది ఫలితం, పక్కింటివాడి విషయంలో ఆగినది మనిషి. 'విత్‌హోల్డ్' అంటే చేతిలో ఉన్నదానిని ఇవ్వకుండా పట్టి ఉంచడం. ఫీజు బకాయో, ఏదైనా పత్రం లోపమో, విచారణో తేలగానే విడుదల చేస్తారు. ఆ మాటలోని 'విత్'కు ఇప్పుడు మనం వాడే 'తో' అన్న అర్థం కాక, 'వ్యతిరేకంగా' అన్న పాత అర్థం ఉంది. 'విత్‌స్టాండ్'లోనూ అదే ఉంది. చెల్లింపులోనే కొంత పట్టి ఉంచి ప్రభుత్వానికి కట్టే పన్నును 'విత్‌హోల్డింగ్ టాక్స్' అనడంలోనూ ఉన్నది ఈ పట్టి ఉంచడమే. 'డీటెయిన్' మన కళాశాలలలో సాధారణంగా హాజరు చాలక పరీక్ష రాయనీయకపోవడానికో, అదే తరగతిలో ఉంచడానికో వాడే మాట. పోలీసుల విషయంలో ఇదే మాట అదుపులోకి తీసుకోవడం అవుతుంది. పాఠశాల పిల్లలకు సంబంధించి 2009 నాటి విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ఈ కటువైన మాటను తప్పించి, ఎలిమెంటరీ విద్య, అంటే ఎనిమిదవ తరగతి, పూర్తయ్యేదాకా ఏ బిడ్డనూ ఏ తరగతిలోనూ 'హెల్డ్ బ్యాక్' చేయరాదని రాసింది. ప్రజల నోట మాత్రం అది 'నో డిటెన్షన్' విధానంగానే స్థిరపడింది. 2019లో ఆ సెక్షన్‌ను సవరించి, అయిదు, ఎనిమిది తరగతులలో ఆపే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చారు. మీవాడి కళాశాల కార్యాలయంలో కారణం అడగండి, చాలావరకు ఒక కాగితంతో తీరే పని అయి ఉంటుంది.

ప్రశ్న: అత్తగారి డిశ్చార్జి కాగితంలో 'ఫ్లూయిడ్ రిస్ట్రిక్షన్' అని ఒకచోట, 'పంప్ ఇన్‌హిబిటర్' అని ఇంకొకచోట ఉన్నాయి. దగ్గు మందు మీద 'సప్రెసెంట్' అనీ, మరో మాత్రను 'బ్లాకర్' అనీ అన్నారు. అన్నీ ఆపేవేనా?
— ఒక గృహిణి, పెరంబూరు

జవాబు: మాటల వరకే చెబుతాను, మందుల గురించి వైద్యుడు చెప్పినదే ప్రమాణం. 'ఫ్లూయిడ్ రిస్ట్రిక్షన్' అంటే నీళ్ళు మానివేయడం కాదు, రోజుకు ఇంత అని వైద్యుడు చెప్పిన కొలతకు మించకపోవడం. మజ్జిగ, చారు, కాఫీ కూడా ఆ కొలతలోకే వస్తాయి. ఇళ్ళలో ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే కనుక ఆ కొలత ఎంతో కాగితం మీద రాయించుకోండి. 'ఇన్‌హిబిటర్' అన్నది శరీరంలో జరిగే ఒక రసాయనిక చర్యను జరగనీయకుండా పట్టి ఉంచేది. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటివి కడుపు గోడలో ఆమ్లాన్ని వెలువరించే ఎంజైమును పనిచేయనీయవు. 'సప్రెసెంట్' పైకి లేచేదానిని అణచేది; దగ్గును అణచే మందులలో డెక్స్‌ట్రోమెథార్ఫాన్ వంటివి దగ్గు ప్రేరణను మెదడు దగ్గరే తగ్గిస్తాయి. అవయవ మార్పిడి తరువాత ఇచ్చే 'ఇమ్యునోసప్రెసెంట్' శరీరపు రోగనిరోధక శక్తినే అణచి ఉంచుతుంది. 'బ్లాకర్' కణం మీద ఉన్న గ్రాహకంలో తాను కూర్చుని, రావలసిన సంకేతానికి చోటు లేకుండా చేస్తుంది. అటెనొలాల్ వంటి బీటా బ్లాకర్లు అడ్రినలిన్ విషయంలో చేసేది అదే. ప్రసూతి కాగితాలలో 'ఎక్స్‌పెక్టెడ్ డేట్ ఆఫ్ కన్‌ఫైన్‌మెంట్' అని కనబడితే బెదరవద్దు. చెట్‌పట్ విద్యార్థిని అడిగిన నేరానికీ దీనికీ సంబంధం లేదు. పురిటి మంచం పట్టడాన్ని పూర్వం ఇంగ్లీషువారు అలా అనేవారు, చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కవేసి ఆ తేదీ వేస్తారు.

ప్రశ్న: 'హిండర్', 'ఇంపీడ్', 'రిఫ్రెయిన్' మాటలకు మూలాలు తెలుపగలరు. పల్లవికి కూడా 'రిఫ్రెయిన్' అనే అంటారు కదా, అది ఎలా వచ్చింది?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మైలాపూరు

జవాబు: 'హిండర్'కు వెనుక అనే అర్థమున్న మాటతో బంధుత్వం ఉంది, వెనకబడేలా చేయడం అని దాని భావం. 'ఇంపీడ్'లో లాటిన్ భాషలోని పాదం ఉంది. పాదాలకు బంధం వేయడం దాని మొదటి అర్థం. ఆ బంధం విప్పడం నుంచి వచ్చిన మాట, ఆఫీసు లేఖలలో ఫైలు త్వరగా కదిలించండని కోరే 'ఎక్స్‌పెడైట్'. మానుకోవడమనే 'రిఫ్రెయిన్' కళ్ళేనికి లాటిన్‌లో ఉన్న పేరు నుంచి రాగా, పల్లవి అన్న 'రిఫ్రెయిన్' విరగగొట్టడమనే వేరే క్రియ నుంచి వచ్చింది. రూపం ఒకటే అయినా ఇవి రెండు మాటలు. మానుకోవడమనే దానికి వెంట 'ఫ్రమ్' ఉండాలి, పైగా అది ఎవరికి వారే చేసుకునే పని. ఒకరిని మరొకరు 'రిఫ్రెయిన్' చేయలేరు.

ప్రశ్న: 'రెయిన్ ఇన్' అని రాసేటప్పుడు మధ్యలో 'జి' ఉండాలా? 'కర్బ్' స్పెల్లింగు కూడా రెండు రకాలుగా చూస్తున్నాను.
— ఒక పాఠకురాలు, కొడంబాక్కం

జవాబు: అదుపు చేయడమనే అర్థంలో 'జి' ఉండకూడదు. ఆర్, ఇ, ఐ, ఎన్ అక్షరాలతో రాసేది గుర్రపు పగ్గం. 'జి' చేరిస్తే ఏలుబడి అవుతుంది. మనకు అధికార పగ్గాలు చేపట్టడమన్న నుడికారం ఉండటం వల్ల పగ్గానికీ ఏలుబడికీ మనసులో ముడి పడి, 'జి' ఉన్న రూపమే సరైనదని తోచే ప్రమాదం తెలుగువారికి కొంచెం ఎక్కువ. పూర్తి స్వేచ్ఛ ఇవ్వడమన్న 'ఫ్రీ రెయిన్'లో కూడా పగ్గమే ఉంది. ఇక 'కర్బ్': అదుపు చేయడమన్న క్రియను ఎక్కడివారైనా సి, యు, ఆర్, బి అక్షరాలతోనే రాస్తారు. కాలిబాట అంచున నిలబెట్టే రాయిని బ్రిటిష్ వారు కె, ఇ, ఆర్, బి అనీ, అమెరికన్లు మళ్ళీ సి, యు, ఆర్, బి అనీ రాస్తారు. మన పాఠ్యపుస్తకాలు, ప్రభుత్వ పత్రాలు సాధారణంగా బ్రిటిష్ పద్ధతిని అనుసరిస్తాయి కనుక, రాయికి 'కె' తోనూ క్రియకు 'సి' తోనూ రాయండి.